తక్కువ ఖర్చుతో పాత కారు సస్పెన్షన్ బాగుచేసుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

"80 వేల కిలోమీటర్లు తిరిగిన స్విఫ్ట్ అండీ. శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిప్పితే ఒక పక్కకి ఒరిగిపోతోంది. హైవేలో 90 దాటితే తేలుతున్నట్టు ఉంటోంది. స్ప్రింగులు మార్పించమంటారా, షాకబ్జర్లా?" ఈ ప్రశ్న రాని నెల ఉండదు. బండి పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే.

నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. ముందు అరిగిపోయినవాటిని సరిచేయండి. కొత్త హంగుల సంగతి ఆ తర్వాత చూద్దాం. చిరిగిన బుష్‌ల (ఇనప భాగాలు కలిసే చోట కుదుపుని పీల్చే రబ్బరు ముక్కల) మీద ఖరీదైన స్ప్రింగులు బిగిస్తే డబ్బు పోతుంది, బండి బాగుపడదు. ఆ డబ్బుతో టైర్లు, బుష్‌లు, షాకబ్జర్లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) వరసగా చూసుకుంటే స్టీరింగ్ పట్టుకోగానే తేడా తెలుస్తుంది.

ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాకబ్జర్ నిలువుగా ఒకటిగా కలిసినది), వెనక టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇనప దూలం) ఉండే చిన్న కార్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. స్విఫ్ట్, బాలెనో, ఐ20, పోలో అన్నీ ఈ కోవలోవే. లెక్కలు కావలసిన చోట స్విఫ్ట్‌ని ఉదాహరణగా తీసుకున్నాను.

## 1. పానా పట్టకముందు బండి ఏం చెబుతోందో వినండి

మీకు బాగా తెలిసిన 5, 6 కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఎంచుకోండి. అందులో ఒక స్పీడ్ బ్రేకర్, ఒక పొడవాటి మలుపు, కొంత గతుకుల రోడ్డు, కొంత నున్నటి రోడ్డు ఉండాలి. పాటలు ఆపి, అద్దాలు దించి, ఒక్కరే నడపండి. గమనించినదంతా ఫోన్‌లో రాసుకోండి. ప్రతి పని అయ్యాక మళ్ళీ ఇదే రోడ్డు మీద, ఇదే వేగంతో నడిపి చూడాలి. లేకపోతే ఖర్చు పెట్టాం కాబట్టి బాగుందని మనసు చెప్పే మాటనే నమ్మేస్తాం.

ఏ లక్షణం కనిపిస్తే దేన్ని అనుమానించాలో చూడండి:

- చిన్న గతుకులకే ముందు నుంచి టక్ టక్ శబ్దం: స్టెబిలైజర్ (మలుపులో ఒరగడం తగ్గించే బార్) లింక్ రాడ్ లేదా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే చేయి) బుష్.
- ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే స్ప్రింగ్ టంగుమనడం: స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పై కొసని బాడీకి పట్టేది), దాని బేరింగ్.
- బ్రేక్ వేస్తే ఒక పక్కకి లాగడం: లోయర్ ఆర్మ్ వెనక బుష్. బ్రేకుల లోపం కూడా కావచ్చు, రెండూ చూడాలి.
- గతుకు దాటాక రెండు మూడు సార్లు ఊగడం: షాకబ్జర్లు.
- స్టీరింగ్ కొంచెం కదిపినా బండి తిరగకపోవడం: టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీలు), టైర్లలో తక్కువ గాలి.
- తిన్నటి రోడ్డు మీద ఒక వైపే లాగడం: గాలి, టైరు, అలైన్‌మెంట్. చూడాల్సిన వరస కూడా ఇదే.

బానెట్ మూల మీద బలంగా నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలుసు. పైకి లేచి ఒక్కసారి సర్దుకుంటే ఫర్వాలేదంటారు. పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌ని మాత్రమే అది పట్టిస్తుంది. సగం అరిగినది ఈ పరీక్షలో సులువుగా పాసైపోతుంది. కాబట్టి దీని మీదే తీర్పు చెప్పకండి.

## 2. టైర్లు, గాలి

రోడ్డుని తాకేవి టైర్లే. పైన ఎంత మంచి సామాను ఉన్నా కింద రబ్బరు గట్టిపడిపోతే పట్టు రాదు.

ముందు వయసు చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడిదాకా వచ్చాక టైరు ఉంచుకోకూడదు. ఇంకా లోతు ఉన్నా గోరు దిగనంత గట్టిగా, పక్కన సన్నటి పగుళ్ళతో ఉంటే దాని పని అయిపోయినట్టే.

గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే చూడాలి. బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి. ఎండలో 20 కిలోమీటర్లు నడిపి బంకు దగ్గర చూసుకుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, వాళ్ళు తగ్గించేస్తారు, పొద్దున్నకి గాలి తక్కువైపోతుంది. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే.

డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెతో మొదలుపెట్టి, సుద్దముక్కతో చిన్న పరీక్ష చేయండి. ముందు టైరు నేలని తాకే భాగం అంచు నుంచి పక్క గోడ మీదకి, మూడు నాలుగు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. మీ పరీక్ష రోడ్డు మీద మలుపులు తిప్పి వచ్చి చూడండి. అంచు దాటి పక్క గోడ మీద కూడా సుద్ద చెరిగిపోతే టైరు మడత పడుతోంది, 2 పీఎస్‌ఐ పెంచండి. అంచుకి చాలా ఇవతలే గీత మిగిలిపోతే గాలి ఎక్కువైంది. స్టిక్కర్ అంకె కన్నా తగ్గించొద్దు. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితిని దాటొద్దు.

టైర్లు మార్చే సమయమే వస్తే స్విఫ్ట్ లాంటి బండికి ఒక మంచి దారి ఉంది. రెండో తరం స్విఫ్ట్‌లో కింది మోడళ్ళకి 165/80 ఆర్14, పై మోడల్‌కి 185/65 ఆర్15 కంపెనీయే ఇచ్చింది. మొదటి దాని మొత్తం వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండో దానిది 621.5. అంటే స్పీడోమీటర్ లెక్క తప్పదు. నేల మీద టైరు మాత్రం 20 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది, పక్క గోడ 132 నుంచి 120 మిల్లీమీటర్లకి తగ్గుతుంది. మలుపులో బండి వెంటనే మాట వింటుంది. మీ బండి పై మోడల్ 15 అంగుళాల చక్రాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే నేనైతే వదలను. కొనేముందు రిమ్ము వంకర ఉందేమో బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి చూడండి.

రెండు కొత్త టైర్లే కొనగలిగితే వాటిని వెనక వేయించండి. ముందు చక్రాలు లాగే బండి కదా, ముందే వేయాలని షాపులో చెబుతారు. తడి రోడ్డు మీద వెనక పట్టు పోతే బండి గిర్రున తిరుగుతుంది, అది సరిదిద్దడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

## 3. బుష్‌లు, జాయింట్లు: అసలు రోగం చాలాసార్లు ఇక్కడే

డబ్బు తక్కువ ఉంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. లింక్ రాడ్డు వందల్లో వస్తుంది. లోయర్ ఆర్మ్ వేలల్లో ఉన్నా నాలుగు షాకబ్జర్ల ధర కన్నా బాగా తక్కువ.

పరీక్షకి కావలసినవి:

- జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టడానికి రాళ్ళు లేదా చెక్క దిమ్మెలు
- మంచి టార్చి
- టైర్ లివర్ లాంటి పొడవాటి ఇనప కడ్డీ
- గుడ్డ, వైర్ బ్రష్

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి వెళ్ళొద్దు. స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఒకసారి ఊపి చూసి, అప్పుడు తల పెట్టండి.

లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ని గుడ్డతో తుడిచి టార్చి వేయండి. నల్ల రబ్బరులో వంపు తిరిగిన ఖాళీలు కనిపిస్తాయి. అవి చూసి చాలామంది చిరిగిపోయిందని కంగారు పడతారు. కంపెనీ కావాలనే వదిలిన ఖాళీ అయితే అంచు నున్నగా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. చిరుగు అయితే అంచు గరుకుగా ఉంటుంది, కడ్డీ ఆనించి మెల్లగా ఎత్తితే పుండులా నోరు తెరుచుకుంటుంది. రబ్బరు లోపలి ఇనప గొట్టం నుంచి విడిపోయినా అంతే. రెండో వైపు బుష్‌తో పోల్చి చూస్తే అనుమానం తీరుతుంది.

బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) చూడాలంటే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికి బయటికి ఊపండి. పక్కనున్నవాళ్ళని జాయింట్ మీద వేలు పెట్టి ఉండమనండి. కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుంది. కుడి ఎడమ పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ బయటపడుతుంది. లింక్ రాడ్డుని మాత్రం ముందు చక్రాలు రెండూ నేల మీద గానీ, రెండూ గాల్లో గానీ ఉన్నప్పుడే చేత్తో ఆడించాలి. ఒకటే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి లింకుని బిగబట్టేస్తుంది, అరిగిన జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే ఉంటుంది.

బుష్ ఒక్కటే మార్చాలా, ఆర్మ్ మొత్తమా? చాలా చిన్న కార్లలో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. బుష్ ధర, ప్రెస్సు మీద ఎక్కించే కూలి కలిపి కొత్త ఆర్మ్ ధరలో సగం దాటితే ఆర్మ్ మార్చడమే మేలు. బుష్ ఒక్కటే వేయిస్తే ప్రెస్సు మీదే ఎక్కించాలి, సుత్తితో కొట్టనివ్వొద్దు. పాత బుష్ ఏ దిక్కుకి ఉందో ముందే పెయింట్ గుర్తు పెట్టుకోవాలి. ఆ ఖాళీలు తప్పు దిక్కుకి తిరిగితే కొత్త బుష్ కూడా పనికిరాదు.

పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్‌ల గురించి అడుగుతుంటారు. స్టీరింగ్ చురుగ్గా అవుతుంది, నిజమే. కానీ రోడ్డు మీది ప్రతి కరకర క్యాబిన్‌లోకి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కే బండికి కొత్త రబ్బరే చాలు.

బిగించే పద్ధతి. దీన్ని రెండుసార్లు చదవండి. లోయర్ ఆర్మ్ బుష్‌ల గుండా వెళ్ళే బోల్టులని చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బుష్ లోపలి గొట్టం బోల్టుతో పాటు కదలకుండా ఉండిపోతుంది, రబ్బరే మెలితిరుగుతుంది. వేలాడుతుండగా బిగిస్తే బండి నేలకి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది. నా బండికే ఒక షాపులో లిఫ్టు మీద ఉండగానే ఎయిర్ గన్‌తో బిగించేశారు. కొత్త బుష్‌లు ఐదు నెలల్లో చిరిగాయి. విప్పి చూస్తే రెండు వైపులా ఒకే చోట చీలిక. అప్పటినుంచి దగ్గరుండి చెప్పి చేయించుకుంటున్నాను: "అన్నా, ఆర్మ్ బోల్టులు ఇప్పుడు చేత్తో పట్టించి ఉంచండి, బండి దించాక ఫుల్ టైట్ చేద్దాం."

లిఫ్టు లేని చోట బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, బండి బరువు దాని మీదకి వచ్చేదాకా లేపి బిగించవచ్చు. బాల్ జాయింట్ నట్టు, లింక్ రాడ్ నట్లకి ఈ నియమం లేదు. బిగింపు ఎంతో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) వాడండి.

వెనక బీమ్ బుష్‌లు చిరిగితే తప్ప ముట్టుకోవద్దు. కూలి ఎక్కువ.

## 4. షాకబ్జర్లు

ఒంటి మీద నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము ఉంటే అది లీకు. పైభాగంలో కాస్త చెమ్మ ఉంటే కంగారు అక్కర్లేదు. లీకు లేకపోయినా 80 వేలు దాటిన బండి గతుకుల్లో ఊగుతుంటే మార్చుకునే సమయం వచ్చిందనుకోండి.

ఎప్పుడూ జతగానే మార్చాలి, ముందు రెండూ లేదా వెనక రెండూ. ఒకేసారి నాలుగూ కొనలేకపోతే ముందు జత ఇప్పుడు, వెనక జత రెండు నెలల తర్వాత వేసుకోవచ్చు. కంపెనీ సామాను గానీ, గాబ్రియెల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్నవి గానీ తీసుకోండి. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా ఇంకెక్కడైనా నకిలీలు తిరుగుతూనే ఉంటాయి. పాత పార్టు నంబర్ రాసుకుని వెళ్ళండి. పెట్రోలు, డీజిల్ బండ్లకి ముందు స్ట్రట్‌లు వేరుగా ఉండవచ్చు.

స్ట్రట్‌తో పాటు తప్పక కొనాల్సినవి:

- స్ట్రట్ మౌంట్, బేరింగ్
- బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తటి దిమ్మె), దుమ్ము కవరు
- కొత్త పై నట్టు

మౌంట్ మిగుల్చుకుని స్ట్రట్ ఒక్కటే మారిస్తే ఆరు నెలల్లో అదే పని మళ్ళీ, అదే కూలి మళ్ళీ.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ మార్చే వరస:

1. బండి స్టాండ్ల మీద పెట్టి చక్రం విప్పండి.
2. బ్రేక్ గొట్టాన్ని, ఏబీఎస్ వైరుని స్ట్రట్ క్లిప్పుల నుంచి విడదీయండి. ఇది మర్చిపోతే వైరు తెగుతుంది.
3. స్ట్రట్‌ని నకల్‌కి (చక్రం బిగించి ఉండే ఇనప భాగానికి) పట్టే రెండు బోల్టుల చుట్టూ పెయింట్ గీత పెట్టండి. కొన్ని బండ్లలో ఇక్కడి చిన్న సందే క్యాంబర్‌ని (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలే కోణాన్ని) మారుస్తుంది.
4. లింక్ రాడ్ విప్పండి. నకల్ బయటికి వాలిపోకుండా తాడుతో కట్టండి. అలాగే వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి వస్తుంది.
5. నకల్ బోల్టులు తీసి, ఒక చేత్తో స్ట్రట్ పట్టుకుని, బానెట్ కింద పై నట్లు తీయండి. నడిమధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు.
6. స్ప్రింగ్ కంప్రెసర్ రెండు వైపులా ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించండి. స్ప్రింగ్ పై సీటు నుంచి వదులయ్యాకే పెద్ద నట్టు విప్పాలి.

ఆరో మెట్టు ప్రాణాల మీదకి తెచ్చేది. నొక్కి ఉన్న స్ప్రింగ్ వదిలితే దాని దెబ్బకి ఎముకలు విరుగుతాయి. మంచి కంప్రెసర్ లేకపోతే స్ట్రట్‌లు విప్పి తీసుకెళ్ళి ఈ ఒక్క పని మెకానిక్ దగ్గర చేయించండి. ఇక్కడ కూలి మిగుల్చుకోవద్దు.

ఎక్కించేటప్పుడు కొత్త స్ట్రట్‌ని నిలువుగా పట్టుకుని రాడ్డుని పూర్తిగా కిందికీ పైకీ నాలుగైదు సార్లు ఆడించండి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. మెరిసే రాడ్డుని ప్లయర్‌తో పట్టుకోవద్దు. వెంట్రుకంత గీత పడినా సీలు కోసుకుపోయి వారాల్లో నూనె కారుతుంది. పై నట్టు బిగించడానికి రాడ్డుని అలెన్ కీతో ఆపాలి, ఎయిర్ గన్ వద్దు. స్ప్రింగ్ కొస కింది సీటులోని గాడికి సరిగ్గా ఆనిందో లేదో వేలితో తడిమి చూశాకే కంప్రెసర్ వదులు చేయండి.

వెనక షాకబ్జర్లు సులువు. అయితే బీమ్ కింద జాకీ ఆనించి ఉంచాలి. లేకపోతే బోల్టు తీయగానే బీమ్ జారి, స్ప్రింగ్ బయటికి దూకి, బ్రేక్ గొట్టం మీద బరువు పడుతుంది.

## 5. అలైన్‌మెంట్

ఆర్మ్, స్ట్రట్, టై రాడ్‌లలో ఏది విప్పినా అలైన్‌మెంట్ చేయించాల్సిందే. పాత బుష్‌లతో అలైన్‌మెంట్ చేయించడం మాత్రం దండగ. మెషిన్ మీద సరిపోయిన అంకెలు రోడ్డు మీద మారిపోతాయి.

వెళ్ళే ముందు గాలి సరిచూసుకోండి, డిక్కీలో బరువు తీసేయండి. అక్కడ వీటిని చూసుకోండి:

- మెషిన్‌లో మీ బండి మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచుకున్నారా?
- మొదలుపెట్టే ముందు ఒకటి, అయ్యాక ఒకటి, రెండు ప్రింట్లు అడిగారా?
- స్టీరింగ్ నడిమధ్యలో లాక్ చేశారా?
- ముందు రెండు చక్రాల టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సమానంగా పంచారా?

ఈ బండ్లలో చాలావాటికి సర్దగలిగేది ముందు టో ఒక్కటే. క్యాంబర్ తేడా చూపిస్తోందని హైడ్రాలిక్ పనిముట్టుతో స్ట్రట్‌ని వంచి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. ముందు వంగిన ఆర్మ్, అరిగిన బుష్, బోల్టుల దగ్గరి సందు చూడమనండి. వంచిన స్ట్రట్‌లో రాడ్డు పక్కకి రాసుకుంటుంది.

పాత టైరే అలైన్‌మెంట్ రిపోర్టు. అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒక దిక్కుకి నున్నగా, రెండో దిక్కుకి రంపంలా తగిలితే టో తప్పింది. ఒక్క లోపలి అంచే అరిగితే క్యాంబర్‌ని అనుమానించండి.

## 6. ఇప్పుడు అప్‌గ్రేడ్ల సంగతి

ఇక్కడిదాకా చేసి మీ పరీక్ష రోడ్డు మీద నడిపి చూడండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అది మంచి నిర్ణయం. ఇంకా కావాలంటే:

లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించేవి). మన స్పీడ్ బ్రేకర్లకి 15 నుంచి 20 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ దించితే నిత్యం కింద గీసుకుంటుంది. బండి కిందికి దిగితే షాకబ్జర్‌కి పైకి వెళ్ళే దారి తగ్గుతుంది, మాటిమాటికి బంప్ స్టాప్‌ని కొడుతుంది. పాత షాకబ్జర్ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే అవి త్వరగా పోతాయి. నలుగురు ఎక్కి ఊరెళ్ళే బండికి నేను వద్దనే చెబుతాను.

వెనక యాంటీ రోల్ బార్ (ముందున్న స్టెబిలైజర్ లాంటిదే, వెనక చక్రాలకి). మలుపులో ముందు భాగం బయటికి జారిపోయే గుణం దీంతో తగ్గుతుంది. మీ మోడల్‌కి ప్రత్యేకంగా తయారుచేసింది దొరికితేనే చూడండి. వానలో మలుపు మధ్యలో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారే ప్రమాదం పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

స్ట్రట్ బ్రేస్ (రెండు స్ట్రట్‌ల పై కొసలని కలిపే అడ్డ కడ్డీ). బానెట్ తెరిస్తే బాగుంటుంది. రోడ్డు మీద తేడా బహు తక్కువ. ఆ డబ్బు మంచి టైర్లకి కలపండి.

ఎత్తు మారే పని ఏదైనా చేసేముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుంచుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పులు కుదరవు. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. అరిగిన సామాను తీసి అదే రకం కొత్తది వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

## 7. ఎవరు చెప్పినా చేయకూడనివి

స్ప్రింగ్ చుట్టు కోయించడం, గ్యాస్ మంటతో వేడి చేసి దించడం. కోసిన కొస సీటులో కూర్చోదు, చక్రం గుంతలోకి వేలాడినప్పుడు స్ప్రింగ్ ఊడిపోవచ్చు. వేడి చేసిన ఉక్కు గుణం పోతుంది, ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం. బండి ఎత్తు పెరిగిందని, ఒరగడం తగ్గిందని అనిపిస్తుంది. ఆ చుట్లు పనిచేయవు కాబట్టి భారమంతా మిగిలిన చుట్ల మీద, స్ట్రట్ మౌంట్ మీద పడుతుంది. వెనక స్ప్రింగ్ కుంగితే కొత్త స్ప్రింగ్ వేయించండి.

నాలుగు పనులు ఒకే రోజు చేయించడం. ఏది పనిచేసిందో, ఏది చెడిందో తెలియదు. వేరే దారి లేకపోతే కనీసం టైర్ల పనిని మిగతా పనుల నుంచి వారం ఎడంగా ఉంచండి.

## 8. మొదటి 500 కిలోమీటర్లు

పని అయిన రోజు చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. 500 తిరిగాక:

- లింక్ రాడ్ నట్లు, నకల్ బోల్టులు, ఆర్మ్ బోల్టులు బిగింపు సరిచూడటం
- షాకబ్జర్ల మీద నూనె తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూడటం
- బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు టైరుకి గానీ స్ప్రింగ్‌కి గానీ రాసుకోవడం లేదని, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి నిర్ధారించుకోవడం
- స్ప్రింగులు మార్చి ఉంటే అవి సర్దుకుని ఉంటాయి కాబట్టి అలైన్‌మెంట్ మరోసారి చూపించడం
- ముందు టైర్లని అరచేత్తో అడ్డంగా నిమిరి చూడటం

ఆ తర్వాత అదే పరీక్ష రోడ్డు మీదకి, పాటలు ఆపి, ఫోన్‌లో మొదటిరోజు రాసుకున్నది ఎదురుగా పెట్టుకుని వెళ్ళండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్‌మన్న శబ్దం ఇంకా వినిపిస్తుంటే మళ్ళీ మూడో భాగం (బుష్‌లు, జాయింట్లు) నుంచి మొదలుపెట్టండి. కొత్తగా వేసిన సామానులో కూడా ఒక్కోసారి లోపం ఉంటుంది, బిల్లు దాచుకోండి.